తిండి వ్యసనం ప్రశ్నావళి తెలుగులోకి వస్తే: అనువాదం అయ్యాక మొదలయ్యే పని

“చిప్స్ ప్యాకెట్ విప్పితే ఖాళీ అయ్యేదాకా ఆపలేరా? అయితే మీకు ఫుడ్ అడిక్షన్ ఉన్నట్టే!” ఇలాంటి రీల్స్ ఇప్పుడు తెలుగులోనూ బాగానే తిరుగుతున్నాయి. 2025 మార్చిలో బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పటి నుంచి బరువు గురించిన మాటలు ఎక్కువయ్యాయి. తిండి ఆలోచన బుర్రలో రొద పెట్టడం, మందు వేసుకుంటే ఆ రొద తగ్గడం ఇళ్ళలో మాట్లాడుకునే సంగతులయ్యాయి. రీల్ కింద ఓ పది ప్రశ్నల క్విజ్, చివర ఒక స్కోరు. కొందరు అది చూసి టెన్షన్ పడతారు, కొందరు నవ్వేసి ఊరుకుంటారు.

ఇంకోపక్క పరిశోధకులు పద్ధతిగా తయారుచేసిన ప్రశ్నావళులూ ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్న ఆ ప్రశ్నల్ని తెలుగు చేసి, గుంటూరు జీజీహెచ్ ఓపీలోనో విజయవాడలో ఏ కాలేజీ హాస్టల్లోనో జనానికి ఇచ్చి, “నూటికి ఇంతమందికి తిండి వ్యసనం ఉంది” అని చెప్పాలంటే మధ్యలో చాలా పని ఉంది. ఆ పనినే వాలిడేషన్ అంటారు. కొలవాలనుకున్నదాన్నే ఈ ప్రశ్నలు కొలుస్తున్నాయా, ఈ భాషలో, ఈ మనుషుల దగ్గర కూడా కొలుస్తున్నాయా అని ఆధారాలతో సరిచూడటం అన్నమాట. తిండి వ్యసనం విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. కొలిచే సాధనం సంగతి అలా ఉంచితే, అసలు అలాంటి జబ్బు ఒకటి ఉందా అన్నదే శాస్త్రవేత్తల మధ్య తెగలేదు.

## ప్రశ్నావళి ఎక్కడిది, ఏం అడుగుతుంది

తిండి కూడా వ్యసనం కావచ్చన్న ఆలోచన కొత్తదేం కాదు. 1956లోనే థెరాన్ రాండాల్ఫ్ అనే అమెరికన్ డాక్టరు ఆ మాట వాడాడు. కానీ దాన్ని కొలవడానికి ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడుతున్న సాధనం 2009లో వచ్చింది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఆష్లీ గేర్‌హార్ట్, విలియం కోర్బిన్, కెల్లీ బ్రౌనెల్ తయారుచేసిన యేల్ ఫుడ్ అడిక్షన్ స్కేల్ అది. అందులో 25 ప్రశ్నలున్నాయి.

దాని వెనకున్న ఆలోచన అర్థం చేసుకోవడం తేలికే. మద్యం, మత్తుమందుల వ్యసనాన్ని గుర్తించడానికి మానసిక వైద్యులు డీఎస్ఎం అనే పుస్తకంలోని లక్షణాల పట్టిక వాడతారు. అనుకున్నదానికంటే ఎక్కువ వాడటం, మానాలనుకుని మానలేకపోవడం, దాని కోసమే చాలా టైము పోవడం, మానేస్తే చిరాకు, వణుకు, మునుపటి మోతాదు సరిపోకపోవడం వంటివి అందులో ఉంటాయి. స్కేలు చేసినవాళ్ళు ఆ పట్టికలో మత్తుపదార్థం ఉన్నచోట తిండిని పెట్టి ప్రశ్నలు రాశారు. 2013లో డీఎస్ఎం ఐదో కూర్పు వచ్చి లక్షణాలు 11 అయ్యాయి. దాంతో 2016లో స్కేలును కూడా మార్చి 35 ప్రశ్నలతో రెండో రూపం తెచ్చారు. 2017లో దానికి 13 ప్రశ్నల పొట్టి రూపం వచ్చింది.

ప్రశ్నలన్నీ గడిచిన 12 నెలల గురించే. ఒక్కోదానికి ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘ప్రతిరోజూ’ దాకా ఎనిమిది జవాబుల్లో ఒకటి టిక్ పెట్టాలి. ప్రతి ప్రశ్నకూ ఒక గీత ఉంటుంది, అది దాటితేనే ఆ లక్షణం ఉన్నట్టు లెక్క. ఆ గీత అన్ని ప్రశ్నలకూ ఒకేచోట ఉండదు. కొన్నిటికి నెలకోసారి జరిగినా చాలు, కొన్నిటికి వారంలో చాలాసార్లు జరగాలి. రెండు మూడు లక్షణాలుంటే తక్కువ స్థాయి, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తీవ్రం. వీటన్నిటి మీదా ఒక షరతు ఉంది. ఆ తిండి తీరు వల్ల మనిషి బాగా బాధపడుతుండాలి, లేదా రోజువారీ బతుకు దెబ్బతింటుండాలి. ఏడు లక్షణాలున్నా ఈ షరతు లేకపోతే స్కేలు దాన్ని వ్యసనం అనదు. రీల్స్ కింది క్విజ్‌లలో మొదట మాయమయ్యేది ఈ షరతే.

## అన్నం ఏ జాబితాలోకి వస్తుంది?

ప్రశ్నలు మొదలయ్యేముందు స్కేలు కొన్ని తిండి పదార్థాల పేర్లు చెప్పి, వీటిలాంటివాటిని మనసులో పెట్టుకుని జవాబివ్వండి అంటుంది. ఐస్‌క్రీమ్, చాక్లెట్, కేకు వంటి తీపి పదార్థాలు, చిప్స్ వంటి ఉప్పటివి, పిజ్జా, బర్గర్, పందిమాంసంతో చేసే బేకన్ వంటి కొవ్వు పదార్థాలు, కూల్‌డ్రింకులు. పిండి పదార్థాల వరసలో తెల్ల బ్రెడ్డు, పాస్తాతోపాటు అన్నం కూడా ఉంది.

అమెరికాలో అన్నం అనేక వంటల్లో ఒకటి. గుంటూరులో అన్నం అంటే భోజనమే. “అన్నం తిన్నావా” అంటే భోంచేశావా అని అర్థం. మిర్చి యార్డులో పొద్దున్నుంచి బస్తాలు మోసే హమాలీ మధ్యాహ్నం తినే అన్నం చూసి ఆఫీసులో కూర్చునే మనిషి ఆశ్చర్యపోవచ్చు. ఆ ఒంటికి అంత కావాలి మరి. ‘ఫలానా పదార్థం చాలా ఎక్కువగా తిన్నాను’ అన్న ప్రశ్నకు అతను అవునంటే, అది వ్యసనమా, శ్రమా? జాబితాను ఉన్నది ఉన్నట్టు తెలుగు చేస్తే ఈ రెండూ కలిసిపోతాయి.

అలాగని అన్నం తీసేసి, దాని చోట పునుగులు, మిరపకాయ బజ్జీ, బిర్యానీ, పూతరేకులు పెడితే సరిపోతుందా? అక్కడ ఇంకో చిక్కు వస్తుంది. బేకన్, ప్రెట్జెల్ (ముడిలా చుట్టి కాల్చిన ఉప్పటి చిరుతిండి) ఉన్నచోట బజ్జీ పెట్టడం న్యాయమే, ఎందుకంటే విజయవాడలో సగటు మనిషి ప్రెట్జెల్ పేరే విని ఉండడు. కానీ జాబితా ఎంత మారిస్తే, వేరే దేశాల్లో వచ్చిన స్కోర్లతో పోలిక అంత బలహీనపడుతుంది. ఇక్కడ పరిశోధకులు రెండు వర్గాలు. మూలానికి వీలైనంత దగ్గరగా ఉంటేనే దేశాల మధ్య పోలిక సాధ్యమని ఒకరు. పోలిక తర్వాత, ముందు జవాబిచ్చే మనిషికి అర్థం కావాలి కదా అని ఇంకొకరు. పదార్థాల పేర్లు మార్చి, ఆ వర్గాల పేర్లు (తీపి, పిండి, ఉప్పు, కొవ్వు, తియ్యటి పానీయాలు) మాత్రం అలాగే ఉంచడం మధ్యేమార్గం. నాకు అదే సబబుగా కనిపిస్తుంది. కాకపోతే ఆవకాయ ఏ వర్గంలోకి వస్తుందో తేల్చడం అంత తేలిక కాదు. ఉప్పూ నూనే రెండూ దండిగా ఉండే పదార్థం అది, పైగా ఎవరూ దాన్ని చిరుతిండిగా తినరు.

## ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి

అనువాదానికి ఒక ఒప్పుకున్న పద్ధతి ఉంది. 2000లో బీటన్ బృందం ప్రకటించిన మార్గదర్శకాలను చాలామంది పాటిస్తారు. తెలుగు మాతృభాష అయిన ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. వాళ్ళలో ఒకరికి విషయం తెలిసి ఉండాలి, ఇంకొకరికి తెలియకూడదు. విషయం తెలియని మనిషి మామూలు జనం మాట వాడతారని ఆశ. రెండిటినీ కలిపి ఒకటి చేస్తారు. తర్వాత, మూల ప్రశ్నావళి చూడనివాళ్ళు ఆ తెలుగును మళ్ళీ ఇంగ్లీషులోకి మారుస్తారు. మారినదాన్ని మూలంతో పక్కపక్కన పెట్టి చూస్తే అర్థం ఎక్కడ జారిందో తెలుస్తుంది. ఆ తర్వాత సైకియాట్రిస్టులు, డైటీషియన్లు, భాష తెలిసినవాళ్ళు కలిసి కూర్చుని తేడాలు తేలుస్తారు. చివరగా 30, 40 మంది మామూలు మనుషులకు ఇచ్చి చూస్తారు.

వెనక్కి అనువదించే పద్ధతికి ఉన్న పేరు కాస్త ఎక్కువే అనిపిస్తుంది. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట తెలుగులో పేర్చితే, వెనక్కి తిప్పినప్పుడు అచ్చం మూలంలాగే వస్తుంది. కాగితం మీద అది విజయమే. కానీ ఆ తెలుగు చదివిన కొత్తపేట ఆటో డ్రైవరుకు ఏమీ అర్థం కాకపోవచ్చు. ‘నిర్దిష్ట ఆహారాల పట్ల తీవ్రమైన కోరికలను అనుభవించాను’ అన్న వాక్యం వెనక్కి చక్కగా వెళుతుంది. ‘తినాలని నాలుక పీకేసింది’ అన్నది వెనక్కి వెళ్ళేటప్పుడు తంటా తెస్తుంది, కానీ చదివిన ప్రతివాడికీ అర్థమవుతుంది.

నిపుణుల అభిప్రాయాన్ని కూడా ఒక అంకెగా మారుస్తారు. ఒక్కో ప్రశ్నకు అసలు విషయంతో ఎంత సంబంధం ఉందో ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు వేయమంటారు. ఆరుగురిలో ఐదుగురు మూడో నాలుగో వేస్తే ఆ ప్రశ్నకు 0.83 వస్తుంది. సాధారణంగా 0.78 దాటితే ఉంచుతారు. నిపుణులు ఐదుగురే ఉంటే మాత్రం అందరూ ఒప్పుకోవాల్సిందే.

## మనుషుల చేత పైకి చదివిస్తే బయటపడేవి

మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది, థీసిస్‌లలో ఒక్క పేరాలో తేల్చేసేది ఈ దశే. ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ప్రశ్న పైకి చదివించి, “దీనికి ఈ జవాబు ఎందుకు పెట్టారు? అప్పుడు మీ మనసులో ఏమొచ్చింది?” అని అడగాలి. జవాబు కంటే ఆ జవాబు వెనకున్న ఆలోచన ముఖ్యం.

‘అనుకున్నదానికంటే చాలా ఎక్కువ తిన్నాను’ అన్న ప్రశ్న తీసుకోండి. తన మీద తనకు పట్టు తప్పిందా అని అడగడం దీని ఉద్దేశం. బ్రాడీపేటలో ఒక గృహిణి దీనికి ‘వారానికోసారి’ అని పెట్టిందనుకుందాం. ఎందుకమ్మా అంటే, “ఆదివారం ఆదివారం మా అత్తగారింటికి వెళ్తాం కదండీ, వద్దన్నా వినరు, కొసరి కొసరి వడ్డిస్తారు, మొహమాటానికి తినాల్సిందే” అంటుంది. ఆమె అబద్ధం చెప్పలేదు, ప్రశ్న కూడా వ్యాకరణం తప్పలేదు. అయినా అక్కడ కొలిచింది మొహమాటాన్ని. ప్రశ్నలో ‘ఎవరూ బలవంతపెట్టకపోయినా’ అన్న రెండు మాటలు చేర్చాలో వద్దో అప్పుడు ఆలోచించాలి.

‘నేను ఎక్కువ తింటున్నానని ఇంట్లోవాళ్ళు, స్నేహితులు దిగులుపడ్డారు’ అన్నది ఇంకోటి. మన ఇళ్ళలో తక్కువ తింటేనే దిగులుపడతారు. చిక్కిపోయావురా అని నాలుగు ముద్దలు ఎక్కువ పెడతారు. షుగర్ వచ్చాక మాత్రం పరిస్థితి తలకిందులవుతుంది, అన్నం ముద్ద ముద్దకూ లెక్కే. కాబట్టి ఈ ప్రశ్నకు ‘అవును’ అనడం తిండి తీరు గురించి కంటే, ఆ మనిషికి షుగర్ ఉందో లేదో అన్నదాని గురించే ఎక్కువ చెప్పే ప్రమాదం ఉంది.

‘కొన్ని పదార్థాలు మానేసినప్పుడు చిరాకు, దిగులు, ఆందోళన కలిగాయి’ అన్న ప్రశ్న ఇంకా చిక్కు. మద్యం మానేస్తే ఒంట్లో వచ్చే బాధలకు తిండిలో సమానమైనది ఇది. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మాంసం ముట్టని కుర్రాడు, కార్తీకంలో సోమవారాలు ఉపవాసం ఉండే మనిషి, రంజాన్‌లో రోజా ఉండే పొన్నూరు రోడ్డు వ్యాపారి, వీళ్ళంతా తిండి మానేస్తారు. మాల వేసుకున్న కుర్రాడికి చికెన్ బిర్యానీ లేక చిరాకేమీ రాకపోవచ్చు. అదే కుర్రాడిని డాక్టరు మాంసం మానమంటే పదిరోజులకే విసుక్కోవచ్చు. మానడం ఒకటే అయినా మానిన కారణం వేరు. ఏ మానడం గురించి అడుగుతున్నామో ప్రశ్నలో తెలియకపోతే ఒక్కొక్కరు ఒక్కోదాని గురించి జవాబిస్తారు. ఇక “ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు” అని మనవాళ్ళు రోజూ అనే మాటను నిజంగానే లక్షణంగా రాసుకుంటే, ఎండాకాలంలో కృష్ణా, గుంటూరు జిల్లాలు మొత్తం పాజిటివ్ వస్తాయి.

ప్రశ్నావళి పైన ఏం రాస్తారన్నదీ చిన్న విషయం కాదు. సప్తవ్యసనాల నుంచి వచ్చిన ‘వ్యసనం’ అన్న మాటకు చెడునడత వాసన ఉంది. ఆ శీర్షిక చూడగానే జవాబులు జాగ్రత్తగా మారిపోతాయి. అందుకే శీర్షికలో ‘తిండి అలవాట్లు’ అని మాత్రమే వేయడం మేలు.

చదవడం రానివాళ్ళకు ఇంకెవరో చదివి వినిపించాలి. అప్పుడు ఎనిమిది జవాబుల వరస నోటితో చెబితే ఐదోది వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. దానికి బొమ్మల కార్డో, ‘నెలలో ఎన్నిసార్లు’ అని రెండు అడుగుల్లో అడిగే పద్ధతో కావాలి. అలా మార్చితే అది మళ్ళీ కొత్త సాధనం కిందే లెక్క, దాన్ని విడిగా పరీక్షించాల్సిందే.

## మళ్ళీ అడిగితే అదే జవాబు వస్తుందా

ఇక్కడి నుంచి అంకెలు. రెండు మాటలు వేరుచేసి చూడాలి: నిలకడ, నిజం. యార్డులో ఒక కాటా ప్రతి బస్తాకూ రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోందనుకోండి. ఎన్నిసార్లు తూచినా అదే బరువు వస్తుంది, నిలకడకు లోటు లేదు, కానీ బరువు తప్పు. పరిశోధనలో నిలకడను రిలయబిలిటీ అనీ, నిజాన్ని వాలిడిటీ అనీ అంటారు. మొదటిది లేకుండా రెండోది ఉండదు. మొదటిది ఉన్నంతమాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

నిలకడకు రెండు పరీక్షలు. ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయా అన్నది ఒకటి. దానికి 1951లో లీ క్రోన్‌బాక్ ప్రచారంలోకి తెచ్చిన ఆల్ఫా అనే అంకె వాడతారు. లక్షణం ఉందా లేదా అని అవును, కాదు జవాబులైతే దానికి సోదరి లాంటి సూత్రం ఇంకోటి ఉంది. 0.7 దాటితే పర్వాలేదంటారు. మరీ 0.95 దాటితే సంబరపడక్కర్లేదు, ఒకే ప్రశ్నను మాటలు మార్చి పదిసార్లు అడిగారేమో చూసుకోవాలి.

రెండోది, అదే మనుషుల్ని రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ అడగడం. ఇక్కడ లెక్క కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. విజయవాడలో 100 మందికి ఇచ్చామనుకుందాం. మొదటిసారి 10 మందికి ‘వ్యసనం’ అని వచ్చింది. రెండోసారి కూడా 10 మందికే వచ్చింది. కానీ రెండుసార్లూ వచ్చినవాళ్ళు ఐదుగురే. 85 మందికి రెండుసార్లూ రాలేదు. అంటే 90 మంది విషయంలో జవాబు మారలేదు, “90 శాతం ఏకీభావం” అని రాసుకోవచ్చు. వినడానికి గొప్పగా ఉంది కదా.

ఇప్పుడు అదృష్టం వాటా తీసేద్దాం. ప్రతిసారీ నూటికి పదిమందిని గుడ్డిగా చీటీలు తీసి ఎంచినా, రెండుసార్లూ పాజిటివ్ వచ్చే అవకాశం నూటికి 1, రెండుసార్లూ నెగెటివ్ వచ్చే అవకాశం నూటికి 81. మొత్తం 82. కాబట్టి మన ప్రశ్నావళి చీటీల కంటే ఎక్కువగా సాధించింది 8 (90లోంచి 82 తీస్తే), సాధించడానికి వీలున్నది 18 (100లోంచి 82 తీస్తే). ఎనిమిదిని పద్దెనిమిదితో భాగిస్తే 0.44. జాకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా అనే అంకె ఇదే. 0.44 అంటే ఓ మోస్తరు మాత్రమే. మొదటిసారి వ్యసనం ఉందని చెప్పిన పదిమందిలో సగం మందికి కొన్ని వారాలకే అది మాయమైంది. 90 శాతం అన్న మాట దాన్ని కప్పేసింది. ఏదైనా రిపోర్టులో శాతం మాత్రమే ఉండి కప్పా లేకపోతే ఈ లెక్క గుర్తుపెట్టుకోవచ్చు.

రెండు విడతల మధ్య సంక్రాంతి రాకుండా చూసుకోవడం కూడా అవసరమే. అరిసెల డబ్బా ఖాళీ చేసిన వారంలో ‘గత 12 నెలలు’ అని అడిగినా, జవాబు ఆ వారందే వస్తుంది.

## అన్నీ కలిపి ఒక్కదాన్నే కొలుస్తున్నాయా

పదకొండు లక్షణాలను కూడి ఒక స్కోరు ఇస్తున్నామంటే, అవన్నీ వెనక ఉన్న ఒకే విషయానికి గుర్తులని ముందే ఒప్పుకున్నట్టు. అమెరికాలో మూల స్కేలు తయారుచేసినవాళ్ళకు ఒకే మూలకారణం కనిపించింది. తెలుగులోనూ అలాగే ఉందా అని, ఏ జవాబులు కలిసి నడుస్తున్నాయో లెక్కకట్టే ఫ్యాక్టర్ అనాలిసిస్ చేసి చూస్తారు. ఆ ఊహ జవాబులకు ఎంత సరిపోతోందో చెబుతూ కంప్యూటర్ ఇచ్చే అంకెలకు 1999లో హు, బెంట్లర్ సూచించిన గీతలు (ఒకటి 0.95కు పైన, ఇంకోటి 0.06కు కింద) ఇప్పటికీ వాడుతున్నారు. వాటిని గీతల్లా కాకుండా శాసనాల్లా చూడటం మాత్రం అతి.

శాంపుల్ ఎంత ఉండాలన్నది ఎప్పుడూ ఉండే తగువు. ప్రశ్నకు పదిమంది అన్న లెక్కన 35 ప్రశ్నలకు 350 మంది అని రాసేస్తుంటారు. కానీ కొన్ని లక్షణాలకు అవుననేవాళ్ళు నూటికి ముగ్గురో నలుగురో ఉంటారు. 350లో అది పదిపన్నెండు మంది. ఆ పన్నెండు మంది మీద నిలబెట్టిన నిర్మాణం, తర్వాత వచ్చే శాంపుల్‌లో కూలిపోయే అవకాశం ఎక్కువ.

ఇంకో మాట. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ, టౌనుకూ పల్లెకూ ఒకే స్కోరుకు ఒకే అర్థం ఉందా అని కూడా చూడాలి. మన ఇళ్ళలో ఆడవాళ్ళు అందరికీ పెట్టి ఆఖర్న తింటారు. మిగిలినది పారేయలేక తినడం, ఒంటరిగా తినడం వాళ్ళకు రోజూ ఉండేదే. ఒంటరిగా, దాచుకుని తినడాన్ని అనుమానంగా చూసే ప్రశ్నలు వాళ్ళ దగ్గర వేరేగా పనిచేస్తాయి. ఇది చూడకుండా “ఆడవాళ్ళలో తిండి వ్యసనం రెట్టింపు” అని రాస్తే, అది జబ్బు తేడానో ప్రశ్న తేడానో ఎవరూ చెప్పలేరు.

## దేనితో పోల్చి సరిచూడాలి

కొత్త సాధనం స్కోరు, దానికి దగ్గరి విషయాల స్కోర్లతో కాస్త కలవాలి, సంబంధం లేనివాటితో కలవకూడదు. తిండి వ్యసనం స్కోరును సాధారణంగా ఆపుకోలేకుండా అతిగా తినడాన్ని కొలిచే, 1982లో వచ్చిన 16 ప్రశ్నల బింజ్ ఈటింగ్ స్కేల్‌తో, బరువుతో, ఆవేశపడే స్వభావంతో పోలుస్తారు. అయితే ఆ పోల్చే స్కేలుకు కూడా పరీక్షించిన తెలుగు రూపం ఉండాలి. సరిచూడని ఒక ప్రశ్నావళిని సరిచూడని ఇంకో ప్రశ్నావళితో కలిపి, రెండూ కలిశాయి కాబట్టి రెండూ సరైనవే అనడం కుదరదు.

డిప్రెషన్‌తో పోలికలోనూ ఒక గుంట ఉంది. డిప్రెషన్‌కు ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9లో ఐదో ప్రశ్నే ఆకలి తగ్గడం లేదా అతిగా తినడం గురించి. రెండు ప్రశ్నావళుల్లోనూ తిండి ఉంది కాబట్టి కొంత సంబంధం ఎలాగూ వస్తుంది. ఆ ఒక్క ప్రశ్న తీసేసి మళ్ళీ లెక్క కట్టి చూడటం నిజాయితీ గల పద్ధతి.

అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. షుగర్ స్క్రీనింగ్ పరికరం సరైనదా కాదా అంటే ల్యాబ్ రక్తపరీక్షతో పోల్చి చూస్తాం. తిండి వ్యసనానికి అలాంటి ఆఖరి పరీక్ష లేదు. డీఎస్ఎం-5లో అది జబ్బుగా లేదు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ఐసీడీ-11లో గేమింగ్ వ్యసనం చేరింది గానీ తిండి వ్యసనం చేరలేదు. బింజ్ ఈటింగ్ డిజార్డర్ మాత్రం రెండిటిలోనూ ఉంది. తక్కువ సమయంలో చాలా ఎక్కువ తినడం, ఆ సమయంలో ఆపుకోలేకపోవడం, ఇలా వారానికోసారి చొప్పున మూడు నెలలు జరగడం డీఎస్ఎం ప్రకారం దాని గుర్తులు. కాబట్టి సైకియాట్రిస్టు ఇంటర్వ్యూతో తేల్చగలిగేది బింజ్ ఈటింగ్‌ను, తిండి వ్యసనాన్ని కాదు.

## ఉందనేవాళ్ళు, లేదనేవాళ్ళు

ఉందనేవాళ్ళ వాదన మెదడు నుంచి, ఎలుకల నుంచి మొదలవుతుంది. 2010లో పాల్ జాన్సన్, పాల్ కెన్నీ ఎలుకలకు బేకన్, చీజ్‌కేకు లాంటివి ఎంత కావాలంటే అంత పెట్టారు. కొన్నాళ్ళకు, షాక్ రాబోతోందని చెప్పే లైటు వెలిగినా అవి తినడం ఆపలేదు. మామూలు మేత తిన్నవి ఆపాయి. గేర్‌హార్ట్ బృందం 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన విశ్లేషణ ప్రకారం, 36 దేశాల 281 అధ్యయనాలు కలిపి చూస్తే ఈ స్కేలు ప్రకారం పెద్దల్లో 14 శాతం, పిల్లల్లో 12 శాతం మందికి తిండి వ్యసనం ఉంది. చక్కెర, కొవ్వు కలిసి, ఫ్యాక్టరీలో మార్పులు చెందిన పదార్థాలే దీనికి కారణమని వాళ్ళు అంటారు. కందిపప్పుకు వ్యసనపడ్డవాడు ఎక్కడా కనిపించడు కదా అన్నది వాళ్ళ ప్రశ్న.

కాదనేవాళ్ళలోనూ రకాలున్నాయి. నికోటిన్ లాగా తిండిలో ఒక్క పదార్థాన్ని చూపించి ఇదే కారణం అనలేమని కొందరు. జర్మనీకి చెందిన యోహానెస్ హెబెబ్రాండ్ బృందం 2014లో, వ్యసనం పదార్థానిది కాదు, తినడమనే పనిది, కాబట్టి దాన్ని తినే వ్యసనం అనాలి అని వాదించింది. ఈ తేడా పండితుల గొడవలా కనిపించినా దాని ఫలితం పెద్దది. పదార్థంలో దోషం ఉంటే ఆంక్షలు కంపెనీల మీద పడతాయి, తీరులో ఉంటే చికిత్స మనిషి మీద పడుతుంది. ఇంకొందరు దీన్ని బింజ్ ఈటింగ్‌కే కొత్త పేరంటారు. 2012లో ఊబకాయంతోపాటు బింజ్ ఈటింగ్ ఉన్న రోగుల్ని ఈ స్కేలుతో చూస్తే సుమారు 57 శాతం మందికే తిండి వ్యసనం అని వచ్చింది. రెండూ ఒకటే అయితే అది నూటికి దగ్గరగా ఉండాలి, పూర్తిగా వేరైతే అంత ఉండకూడదు. ఈ ఒక్క అంకెను రెండు పక్షాలూ తమవైపు సాక్ష్యంగా చూపించుకుంటాయి. ఎలుకల పరిశోధన చేసిన కెన్నీ, కేంబ్రిడ్జ్‌కు చెందిన పాల్ ఫ్లెచర్ 2018లో ఒకే వ్యాసంలో ఎదురెదురు పక్షాలు తీసుకుని రాశారు.

తెలుగు వాలిడేషన్ ఈ గొడవను తీర్చదు. ఇది చాలామంది పట్టించుకోని విషయం. ప్రశ్నావళికి నిలకడ ఉందని, ఒకే విషయాన్ని కొలుస్తోందని తేలితే, ఆ ప్రశ్నావళి గురించి మనకు తెలిసినట్టు. అది కొలిచేదానికి ‘వ్యసనం’ అన్న పేరు తగునా అన్నది ఆ అంకెల్లోంచి రాదు. పై 14 శాతం కూడా ఆ స్కేలు గీత దాటినవాళ్ళ లెక్కే, డాక్టరు తేల్చిన రోగుల లెక్క కాదు.

## పాజిటివ్ వచ్చినవాళ్ళలో నిజంగా ఎందరు

ఒప్పుకుందాం, ఆ జబ్బు ఉంది, దాన్ని కచ్చితంగా తేల్చే పరీక్ష కూడా ఉంది అనుకుందాం. మన తెలుగు ప్రశ్నావళి బాగా పనిచేస్తోంది: జబ్బు ఉన్న నూరుమందిలో 90 మందిని పట్టుకుంటుంది, లేని నూరుమందిలో 90 మందిని వదిలేస్తుంది. దీన్ని మామూలు ఓపీలో 1,000 మందికి ఇచ్చాం, వాళ్ళలో నిజంగా ఉన్నది 50 మందికి. ఆ 50లో 45 మంది దొరుకుతారు. మిగతా 950 మందిలో 95 మంది తప్పుగా దొరుకుతారు. మొత్తం పాజిటివ్ 140, అందులో నిజం 45. అంటే మూడింట ఒక వంతు కూడా కాదు.

అదే కాగితాన్ని ఊబకాయం క్లినిక్‌లో ఇస్తే, అక్కడ 1,000లో 200 మందికి నిజంగా ఉందనుకుంటే, 180 మంది సరిగ్గా, 80 మంది తప్పుగా దొరుకుతారు. 260లో 180, దాదాపు 69 శాతం. ప్రశ్నావళిలో అక్షరం కూడా మారలేదు, ఇచ్చిన చోటు మారింది. అందుకే “ఈ ప్రశ్నావళి వాలిడేట్ అయింది” అన్న వాక్యం సగం వాక్యమే. ఎవరి దగ్గర, దేనికోసం అన్నది కూడా చెప్పాలి. చేతికి అందుబాటులో ఉన్నారని మెడికల్ కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించిన రూపాన్ని యార్డు హమాలీలకు, ఇంటర్ హాస్టల్లో అర్ధరాత్రి నూడుల్స్ చేసుకునే పిల్లలకు వాడితే, ఆ పరీక్ష మళ్ళీ మొదటికి వచ్చినట్టే. గుంటూరు మాటలో సరిపోయినది శ్రీకాకుళంలోనో వరంగల్‌లోనో అలాగే సరిపోతుందనీ అనుకోలేం.

స్క్రీనింగ్‌లో స్కోరు ఎక్కువొచ్చిన మనిషి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ప్రశ్నావళి అడగని సంగతులు అప్పుడు అడుగుతారు. షుగర్‌కు ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రగానీ వాడుతున్నారా? డోసు ఎక్కువై చక్కెర పడిపోతే ఒళ్ళు వణికి, చేతికి దొరికిన తీపి ఆపుకోలేకుండా తింటారు. ఆస్తమాకో కీళ్ళ నొప్పులకో స్టెరాయిడ్లు నడుస్తున్నాయా? ఓలాన్‌జపిన్ లాంటి మానసిక వైద్యం మందులున్నాయా? ఇవి రెండూ ఆకలిని బాగా పెంచుతాయి. ‘తినడం మొదలుపెడితే ఆపలేకపోయాను’ అన్న గడిలో వీళ్ళందరూ నిజాయితీగానే టిక్ పెడతారు. వాళ్ళలో చాలామందికి కావలసింది మందు డోసు సరిచేయడమే.